బావగారు ఎంచుకున్న కంప్యూటరు

కంప్యూటరు సామాను కొన్న ఆ రోజు నేను చేసిన తప్పు, బావగారు ఏది అడిగినా "సరేనండీ" అనడం. వినడానికి ఇది తప్పులా ఉండదు. మొన్న ఆదివారం ఆయన ఫోన్ చేసి, "కొత్త ఫోన్ కొనాలోయ్, ఏది మంచిదంటావు?" అని అడిగితే ముప్పావుగంట చెప్పాను. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, ఆయన వేళ్ల లావుకు ఎంత తెర సరిపోతుందన్నదాకా వెళ్లాను. పక్కనుంచి మా ఆవిడ, "ఆయన అడిగింది ఫోన్ గురించా, పెళ్లిసంబంధం గురించా?" అంది. ఆమెకు తెలియదు. ఆయన సలహా అడిగినప్పుడు క్లుప్తంగా మాట్లాడే హక్కును నేను చాలా ఏళ్ల కిందట పోగొట్టుకున్నాను.

అప్పట్లో పంజాగుట్టలో అక్కావాళ్ల ఇంట్లో ఉండి, అమీర్‌పేటలో జావా కోర్సు చేస్తున్నాను. కంప్యూటరు కోచింగు సెంటర్లుండే మైత్రీవనం ముందు కరపత్రాలు పంచేవాళ్లను తప్పించుకుని మెట్లెక్కేసరికి చేతిలో కనీసం అయిదారు కోర్సులు ఉండే రోజులవి. అక్కావాళ్లది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. నా పడక హాల్లో, సోఫాకూ టీవీకీ మధ్య. బావగారిది రాజమండ్రి వైపు. మోటారు పంపుల కంపెనీలో సేల్స్ ఆఫీసరు. ఆయనకు అతిథులంటే ప్రాణం. అతిథుల ముందు నేనంటే మరీ ప్రాణం. ఎవరొచ్చినా నన్ను చూపించి, "మా ఇంట్లో సాఫ్ట్‌వేర్. ఇంకా లోడవుతోంది" అనేవారు. మొదటిసారి నేనూ నవ్వాను.

బేగంపేటలో ఒక ఇంటర్వ్యూ పోయిన రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన ఆఫీసువాళ్లు నలుగురు కూర్చుని పకోడీలు తింటున్నారు. "రావోయ్! ఏమడిగారో చెప్పు, మేమూ ట్రై చేస్తాం" అన్నారు బావగారు. నేను తప్పించుకోబోతే కుర్చీ లాగి కూర్చోబెట్టారు. "సిగ్గెందుకు, మనవాళ్లేగా. ఊఁ, మొదటి ప్రశ్న!" ఒక ప్రోగ్రాం ఇచ్చి దాని అవుట్‌పుట్ ఏమిటని అడిగారని చెప్పాను. ఒకాయన పకోడీ పైకెత్తి, "అవుట్‌పుట్ ఇదేనండీ" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. అలా ఏడు ప్రశ్నలు. వంటింటి గుమ్మంలోంచి అక్క, "చాలు, ఇక ఊరుకోండి" అంది గానీ ఆ నవ్వుల్లో ఎవరికీ వినిపించలేదు.

మర్నాటి నుంచి పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు నడిచే దూరమంతా నా పగకు కేటాయించాను. ఇరానీ హోటలు దాటేసరికి నాకు పెద్ద ఉద్యోగం వచ్చేది. సిగ్నలు దగ్గరికొచ్చేసరికి బావగారి ఉద్యోగం ఊడిపోయి, ఆయన నా ఆఫీసు బయట బెంచీ మీద కూర్చునేవారు. మైత్రీవనం మెట్ల దగ్గర ఆయన్ని లోపలికి పిలిపించి, నా కింద పనిచేసే నలుగురినీ చుట్టూ కూర్చోబెట్టి, "ఊఁ, మొదటి ప్రశ్న" అనేవాణ్ని. పకోడీలు కూడా తెప్పించేవాణ్ని. ఇలా నెలన్నర. క్లాసులో చెప్పింది ఒక్క ముక్క గుర్తులేదు గానీ, ఆయనకు వేసిన ప్రశ్నలు ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను.

అంతలో అక్క మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కోర్సు పూర్తిచేసింది. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసిన మాటలు ఇక్కడ విని, టైపు చేసి పంపడం ఆ పని. పెళ్లికి ముందు బడిలో ఇంగ్లీషు చెప్పిన మనిషి, ఎనిమిదేళ్లుగా ఇంట్లోనే ఉంది. సెంటరువాళ్లు ఇంటి నుంచే పని ఇస్తామన్నారు. షరతు ఒకటే: సొంత కంప్యూటరు మీద రెండు వారాల పాటు, ఇచ్చిన ఫైళ్లు గడువులోగా పంపాలి. నెగ్గితే ఉద్యోగం. "మళ్లీ నాకంటూ ఒక పని ఉంటుందిరా" అంది ఒకరోజు, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా.

కంపెనీ కంప్యూటరు కొనే స్తోమత లేదు. విడిగా సామాను కొని ఇంట్లో బిగించుకోవాలి. బావగారు గీసిన గీత పాతిక వేలు. బిగించేది నేనే గనక ఏమేం కొనాలో నేనే ఒక కరపత్రం వెనక రాశాను. సాదా క్యాబినెట్, చిన్న మానిటరు, స్పీకర్లు అసలే వద్దు, ఇయర్‌ఫోన్లు చాలు. అలా మిగిల్చినదంతా రెండింటి మీద పెట్టాను. డాక్టరు గొంతూ టైపూ ఒకేసారి ఆగకుండా నడవాలంటే ర్యామ్ ఎక్కువుండాలి; కరెంటు పోయినా చేసిన పని పోకూడదంటే యూపీఎస్ ఉండాలి. ఆ కాగితం మాత్రం నిజాయితీగానే రాశాను.

షాపు అమీర్‌పేట సందులో ఉండేది. యజమాని నడివయసు మనిషి, అందరూ భాయ్ అనేవారు. బావగారు అడుగుపెడుతూనే నీలం లైట్లు వెలిగే క్యాబినెట్ ముందు నిలబడిపోయారు. తర్వాత అయిదు స్పీకర్ల సెట్టు. ఆ తర్వాత పెద్ద మానిటరు. మూడూ కావాలన్నారు. పాతిక దాటిపోయింది. నా కరపత్రం తీసుకుని ఒక్కో వరస మీదా వేలు పెడుతూ వచ్చారు.

"ఈ ర్యామ్ అంటే ఏంటోయ్? పైకి కనపడుతుందా?"

"కనపడదండీ, లోపలుంటుంది."

"కనపడనిదానికి ఇంత పొయ్యడమేంటి? సగం చాలదూ?"

చాలదని చెప్పడానికి అర నిమిషం పట్టదు. కానీ ఆ అర నిమిషంలో నాకు గాలిలోకి ఎత్తిన పకోడీ కనపడింది. ఈ కంప్యూటరు ఆయన అతిథుల ముందే ఆగిపోతుంది. ఎంచుకున్నది ఆయనే. నా మీద ఈగ కూడా వాలదు.

"సరేనండీ బావగారూ."

"ఈ యూపీఎస్ కూడా తీసేద్దాం. మన లైన్లో కరెంటు ఎప్పుడు పోయిందని?"

"సరేనండీ."

భాయ్ నా వైపు తిరిగాడు. "అన్నా, గీ లైట్లు మస్తుగున్నయ్ గానీ పని నడ్వది. ఇంట్ల ఎవరు వాడ్తరు?"

"మా అక్క."

"మరి జర సోంచాయించరాదు! సదువుకున్నోనివి, సార్‌కు నువ్వు సుత చెప్పవా?"

"ఆయన ఇష్టం భాయ్" అన్నాను.

బిల్లు రాస్తున్నంతసేపూ భాయ్ మళ్లీ నా మొహం చూడలేదు. నాకు సిగ్గేయలేదు. ఆటోలో డబ్బాలు ఒళ్లో పెట్టుకుని వస్తుంటే ఈల వేయాలనిపించింది.

హాల్లో పేపర్లు పరిచి బిగించాను. నీలం లైట్లు వెలిగాయి. ఆ ఆఫీసు నలుగురూ వచ్చారు. "అంతా నా సెలెక్షనే" అంటూ బావగారు పాట పెట్టారు. ఒక్క పాటకు కంప్యూటరు ఎందుకు ఆగుతుంది? ఆగలేదు. "మావాడు స్క్రూలు బిగించాడు" అని నన్ను చూపించారు. నేను ఓపిగ్గా కాచుకున్నాను.

అది అక్క చేతిలో ఆగింది. డాక్టరు మాట్లాడుతుండగా టైపు చేస్తుంటే తెర బిగుసుకుపోయేది. ఆపి, మళ్లీ పెట్టి, మొదటికొచ్చేది. రెండు ఫైళ్లకు గడువు దాటింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన చూసే రోజు కోసం ఆగాను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఇంకో పేజీ మిగిలుండగా కరెంటు పోయింది. సేవ్ చేయబోతే బిగుసుకుపోతుందని భయపడి ఆఖర్న చేద్దామనుకుందట. అంతా పోయింది. అప్పుడే బావగారు భోజనానికి వచ్చారు. నా రోజు వచ్చిందనుకుని సోఫాలో నిటారుగా కూర్చున్నాను.

ఆయన కంప్యూటరును చూడలేదు, అక్కను చూశారు. "నీకు చేతకాదని ముందే అన్నానా? మెషీను చూడు, రాజాలా ఉంది."

అక్క ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. నాతో, "నాకే రావడం లేదేమోరా. ఎనిమిదేళ్లయింది కదా" అంది.

ఆ మాట విన్నాక కూర్చోలేకపోయాను. "తప్పు అక్కది కాదండీ. ర్యామ్ సగం చేస్తే ఇలాగే అవుతుందని నాకు షాపులోనే తెలుసు. తెలిసే ఊరుకున్నాను" అన్నాను.

"ఎందుకోయ్?" అన్నారు బావగారు, నిజంగానే అర్థంకాక.

ఆ ఇంటర్వ్యూ సాయంత్రం గురించి చెప్పాను. ఆయనకు గుర్తు రావడానికి చాలాసేపు పట్టింది. నెలన్నర నేను మోసిన రోజు ఆయన దగ్గర లేనేలేదు. అక్కకు వెంటనే గుర్తొచ్చింది. "ఆ రోజు నీ తరఫున మాట్లాడింది నేనొక్కదాన్నేరా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు స్పీకర్లూ క్యాబినెట్టూ మోసుకెళ్లి, భాయ్‌కి జరిగిందంతా దాచకుండా చెప్పాను. "వాడిన సామాను వాపస్ తీస్కోనన్నా" అన్నాడు. డబ్బాలు నా వైపే తోసి, "స్క్రూడ్రైవర్ పట్టుడొస్తదా నీకు?" అని అడిగాడు. ర్యామ్, యూపీఎస్ అప్పుడే చేతికిచ్చి, "ముందుగాల అక్క పని కానియ్. ఫికర్ జేయకు" అన్నాడు. వాటికి బదులుగా రోజూ మధ్యాహ్నాలు ఆయన షాపులో కంప్యూటర్లు బిగించాను. జాబితాతో వచ్చిన ప్రతివాళ్లకూ, వాళ్లు వద్దన్నా, ఏది పనికొస్తుందో ఏది రాదో చెప్పేవాణ్ని. "ఈ అన్న నా బేరాలన్నీ ఖరాబు చేస్తుండు" అని భాయ్ నవ్వేవాడు.

అక్క వెంట సెంటరుకు వెళ్లి, తప్పు నాదని అక్కడా చెప్పాను. ఆ మేడమ్ ఓపిగ్గా విని, గడువు గడువేనంది. తర్వాతి బ్యాచ్ అయిదు నెలలకు. ఆ అయిదు నెలలూ పొద్దుటి వంట నేను చేశాను. అక్క ఆ వేళ సాధన చేసుకుంది. బావగారు నా పప్పు మీద ఒక్క జోకూ వేయలేదు. అతిథులకు నన్ను చూపించడం కూడా మానేశారు. పగ తీరడమంటే ఇదేనేమో. నాకు ఏ రుచీ తెలియలేదు. అక్క రెండోసారి నెగ్గింది, చాలా ఏళ్లు ఆ పని చేసింది, నన్ను ఒక్కసారీ దెప్పలేదు. ఎనిమిదేళ్లు ఆగిన మనిషిని నేను ఇంకో అయిదు నెలలు ఆపాను. నా వయసులో అవి అయిదు నెలలే. ఆమె వయసులో ఎంతో ఇప్పటిదాకా అడగలేదు.