బల్ల వెనక బ్యాడ్జి

బందరు బస్టాండు దగ్గరి స్కానింగ్ సెంటర్లో షాహిదా ఆయాగా చేరి నాలుగేళ్లయింది. చదువు తొమ్మిదితో ఆగింది. మాట తక్కువ, గమనింపు ఎక్కువ. ఎక్స్‌రే తీసేటప్పుడు గది తలుపును భుజంతో నెట్టి మూయడం ఆమె పని. తలుపులో సీసపు రేకు ఉంటుంది, కిరణాలు బయటికి రాకుండా. అందుకే అంత బరువు.

ఉప్పుగాలికి మడతబందులు తుప్పు పట్టి ఆ తలుపు వాలిపోయింది. వడ్రంగి కొత్తది బిగించాడు. మర్నాడు షాహిదా వేలు తగలగానే అది మూసుకుంది. ఆమె మళ్లీ తెరిచి, మళ్లీ వేలితోనే మూసి చూసింది. తలుపు పక్కనే బల్ల ఉంది. స్కానింగుకు దివిసీమ నుంచి వచ్చే గర్భిణులు కూర్చునేది దాని మీదే.

"డాక్టరుగారూ, కొత్త తలుపులో రేకు లేనట్టుందండీ," అంది.

పిచ్చేశ్వరరావుగారు నవ్వారు. "చెప్పే చేయించానమ్మా. నువ్వు ముందు ఫినాయిల్ సంగతి చూడు."

ఆ వారమే ఇద్దరు టెక్నీషియన్లలో ఒకడైన శామ్యూల్ రాజ్ ఏలూరులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో పట్టి ఉంచేందుకు అతను చొక్కాకు పెట్టుకునే బ్యాడ్జి సొరుగులో ఉండిపోయింది. మూడు నెలలకోసారి అందరివీ పరీక్షకు పంపుతారు. షాహిదా దాన్ని తీసి బల్ల వెనక, క్యాలెండరు చాటున తగిలించింది.

ఆ మూడు నెలలూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కడుపుతో ఉన్న మనిషి కనిపిస్తే వరండా చివరికి తీసుకెళ్లేది.

"నాగాయలంక నుంచి నిలబడి వచ్చాను తల్లీ, మళ్లీ లేపుతావేంటి?" అని కసిరింది నెలలు నిండిన దీవెన.

"అక్కడ గాలొస్తుందక్కా, రండి."

"బల్లకి కాపలా పెట్టారండీ ఈవిణ్ణి," అని రిసెప్షన్లో సరోజిని కిసుక్కుమంది.

మూడు నెలలు నిండగానే బ్యాడ్జిని మిగతావాటిలో కలిపేసింది. కొన్నాళ్లకు రిపోర్టు వచ్చింది.

"ఉన్నవాళ్లకేమో ఏమీ లేదు. వెళ్లిపోయినవాడికి ఇంత రేడియేషన్ తగిలిందా?" డాక్టరుగారు బిత్తరపోయారు. "ఏలూరు నుంచి రోజూ వచ్చి వెళ్లాడా ఏంటి?"

"అతనికి కాదండీ. ఈ బల్లకండీ." షాహిదా క్యాలెండరు పక్కకు జరిపి చూపించింది. "బ్యాడ్జి నేనే ఇక్కడ పెట్టాను. నా పని పోయినా సరేనండీ, ముందు తలుపు చూడండి."

ఆయన వడ్రంగికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టారు.

"రేకా అండీ? బరువుకి మళ్లీ వాలిపోద్దని నేనే వెయ్యలేదండీ," అన్నాడతను, మెచ్చుకుంటారన్నంత ధీమాగా.

డాక్టరుగారు ఎక్స్‌రే గదికి తాళం వేయించారు. షాహిదా కదల్లేదు.

"నేను సెలవు పెట్టిన రోజుల్లో బల్ల మీద కూర్చున్నవాళ్లున్నారండీ. వాళ్లకి చెప్పాలి, పిలిపించి చూడాలి."

"చెప్తే మన సెంటరుకి ఎవరొస్తారు?"

"చెప్పకపోతే నేను రానండీ."

ఆయన పక్కకు తప్పుకుని దారిచ్చారు. వద్దనలేదు. కొత్తవాళ్లతో ఫోన్లో మాట్లాడాలంటేనే బెదిరిపోయే షాహిదా, సరోజిని ముందున్న రిజిస్టరు తన వైపు తిప్పుకుని మొదటి నంబరు నొక్కింది.

"బందరు స్కానింగ్ సెంటర్ నుంచండీ... కంగారు పడకండి. ఒక్క మాట చెప్పాలి, వినండి."