పెద్దసారు రాక, బ్లీచింగ్ పౌడర్

మా పాతబస్తీకి పెద్దసారు ఎవరైనా వస్తున్నాడంటే, ఆయనకంటే ముందు బ్లీచింగ్ పౌడర్ వస్తుంది. రోడ్డు పక్కన తెల్లటి గీతలు, మోరీల మీద తెల్లటి చల్లుడు. ఆ వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కార్వాన్ దాటాక మూసీ ఒడ్డున ఉన్న చిన్న మురుగునీటి ప్లాంటులో నేను ఆపరేటర్ని. ఇళ్ల నుంచి వచ్చే మురుగుకు పెద్ద తొట్టిలో గాలి కొడుతుంటాం. కంటికి కనిపించని జీవులేవో ఆ మురుగును తినేస్తాయి. మేం వాటిని పురుగులంటాం. తేరిన నీళ్లు పక్క తొట్టిలోకి చేరి, అక్కణ్నుంచి మూసీలో పడతాయి. సరిగ్గా పడిన చోటే ఇంకో మురుగు నాలా నల్లగా వచ్చి కలుస్తుంది. మేం నానా తంటాలు పడి తేర్చిన నీళ్లు పట్టుమని పదడుగులు పోకుండానే మళ్లీ మురుగు! ఈ సంబడానికి ఉద్యోగమొకటా అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఆ నీళ్లు పనికొచ్చింది ఒక్కరికే, గోడ అవతల నర్సరీ నడిపే చాచాకి. ఆయన బోరు ఎండిపోయింది. ట్యాంకర్లు కొనే స్తోమత లేదు. ఎవరెవర్నో బతిమాలి, తేరిన నీళ్ల తొట్టి అడుగు నుంచి గోడ కిందుగా పైపు వేయించుకున్నాడు. ఆయన గులాబీలు, మల్లెలు, కరివేపాకు మొక్కలు, ఇంట్లో పొయ్యి అన్నీ ఆ పైపు మీదే నడిచేవి. “మీ పురుగులు ఖైరియత్‌గ ఉన్నయా బేటా?” అని రోజూ గోడ మీంచి అడిగేవాడు.

పెద్దసారు తనిఖీకి వచ్చే రోజున మా సూపర్‌వైజర్ సారు చాచాని పిలిచి, గేటు నుంచి ఆఫీసు దాకా పూలకుండీలు పెట్టమన్నాడు. చాచా మురిసిపోయాడు. మొక్కలకు నీళ్లు పారేలా నర్సరీలో మోటర్ వేసి, బాగా పూసిన గులాబీలు ఏరి తెచ్చాడు. పువ్వు దారివైపు చూసేలా ఒక్కో కుండీనీ తిప్పి తిప్పి పెట్టాడు. నేనూ మోశాను.

ఇంతలో వెనక నుంచి ఘాటు వాసన. పరిగెత్తి చూస్తే, గీతలు వేసే మనుషులు మిగిలిన సంచులన్నీ రెండు తొట్లలోనూ గుమ్మరిస్తున్నారు.

“ఏం జేస్తున్నరన్నా! పురుగులన్నీ సచ్చిపోతయ్!” అని అరిచాను.

“మాకేమెరుక భాయ్? సారే పొయ్యమన్నడు.”

సారు ఫోను చెవి నుంచి తీయకుండానే విసుక్కున్నాడు. “వాసన రావద్దని పైనుంచి ఒకటే లొల్లి. ఇయ్యాల గడవనీయవయ్యా. మళ్ల పెంచుకుందాం తియ్.”

పెంచుకుందామట! ఆ తొట్టి కుదుటపడడానికి మేం నెలల తరబడి పడిన పాట్లు ఎవడికి కావాలి?

అప్పుడు గుర్తొచ్చింది, చాచా మోటర్. ఈ బ్లీచింగ్ నీళ్లే మొక్కలకు పోతున్నాయి. “చాచా, మోటర్ బంద్ జెయ్!” అంటూ గేటుకేసి ఉరికాను. అప్పటికే కార్లు వచ్చేశాయి. బందోబస్తు పోలీసులు మా ఇద్దర్నీ బయటికి పోనీయలేదు. చాచా చేతులు జోడించి బతిమాలాడు. “జర ఆగు చాచా, సార్లు పోనీ” అన్నారు. పెద్దసారు ముక్కు ఎగబీల్చి, “మురుగు వాసనే లేదు, శభాష్” అన్నాడు. గులాబీలను కూడా మెచ్చుకున్నాడు. ఆయన టీ తాగి కదిలేదాకా గోడ అవతల మోటర్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. కోపంతో నాకు ఏడుపొచ్చింది.

వారం తిరక్కుండానే నర్సరీలో ఆకులన్నీ అంచులు మాడి రాలిపోయాయి. మా తొట్టిలోంచి మూసీలోకి మురుగు మురుగులాగే పోతోంది. కుండీలు తీసుకుపోవడానికి చాచా బండి తెచ్చాడు. “పెద్దసారుకు నచ్చినయి, ఈడనే ఉండనీ తియ్” అన్నాడు మా సారు. నేను నోటికొచ్చినట్టు తిట్టి, నా చేతులతోనే వాటిని బండెక్కించాను. చివరి కుండీ ఎక్కించాక, చాచా గులాబీ మీద దుమ్ము తుడిచాడు.

“గివ్వే మిగిలినయ్ బేటా,” అన్నాడు. “పెద్దసాబు చూసినయే బతికినయ్.”