నాటకం డిగ్రీకి బోణీ

బరంపురం బడా బజార్లో పూర్ణచంద్రను నమ్మించడం కన్నా ఋషికుల్య నదిని వెనక్కి పారించడం తేలిక. పప్పులు, ధనియాల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది. ఎదురుగా గోనెసంచుల కొట్టు నాది. ఏళ్ల తరబడి ఆ ముఖమే చూస్తూ కూర్చున్నాను కాబట్టి ఆయన సంగతి చెప్పే హక్కు నాకుంది. బస్తా వస్తే పైపైన చూడడు. ఇనుప గొట్టం అడుగుదాకా గుచ్చి, లోపలి సరుకు లాగి, వాసన చూసి పెదవి విరుస్తాడు. "సొబు మిఛొ" అంటాడు. అన్నీ అబద్ధాలేనని ఒడియాలో ఆయన తీర్పు. డాక్టరు మాత్ర రాసినా ఇంకో ఇద్దరిని అడిగిగాని మింగడు.

అలాంటివాడి కూతురు సాయిపద్మ భువనేశ్వర్లో నాటకం డిగ్రీ చదివింది. పంపనంటే పంపనని తండ్రి భీష్మించుకున్నప్పుడు ఆ పిల్ల కొట్టు గుమ్మంలో కూర్చుని ఏడ్చిన ఏడుపు నేనూ చూశాను. ఎలాగో కరిగి ఫీజు కట్టాడు. మూడేళ్లకు డిగ్రీ పట్టుకుని వచ్చి, కొట్టు మీది గది ఇస్తే పిల్లలకు నటన నేర్పుతానంది. ఆ గదికి అప్పటికే మిరపకాయల వ్యాపారి ఒకాయన అద్దె బేరం పెట్టాడు. శనివారంలోగా జవాబు చెప్పాలి.

"ఠాకురాణి అమ్మోరి యాత్రకి ఊరూరంతా ఏసాలు కడతాది. మొక్కుకి పులేసం కట్టినోడికి డిగ్రీ ఎవుడిచ్చాడు? దాన్తో ఏటొస్తాది, సెప్పు" అన్నాడు పూర్ణచంద్ర.

"గది ఇవ్వకుండానే ఎలా సెప్పీది నాన్నా?" అంది పిల్ల.

నిజం చెప్పాలంటే నేనూ ఆయన పక్షమే. నటన నేర్చుకోవడానికి ఫీజేమిటి, మా బజారులో పుట్టిన ప్రతివాడికీ అది ఉగ్గుపాలతోనే వస్తుంది.

లోకంలో పూర్ణచంద్ర నమ్మింది ఒక్కణ్ణే, హుమ్మ జగ్గన్నని. హుమ్మ ఊళ్లో హైవే పక్కన అతనికి చిన్న కిరాణా కొట్టుంది. మాలో బోణీ అంటే నగదు. తొలి బేరం అరువు పోతే ఆ రోజంతా అరువేనని మా భయం. చేసిన చెయ్యి మంచిదైతే ఇక చూడక్కర్లేదు. జగ్గన్న బోణీ చేసిన రోజు గల్లాపెట్టె నిండుతుందని పూర్ణచంద్రకు గురి. అతను ఒక నోటు బోణీకని చేతిలో పెట్టి, మిగతా సరుకంతా అరువుకి పట్టుకుపోయేవాడు. అతన్ని మాత్రం ఈయన ఎన్నడూ గుచ్చి చూడలేదు.

ఆ శుక్రవారం కూడా జగ్గన్న పొద్దున్నే వచ్చాడు. నోటు చేతిలో పెట్టి, కుర్చీలో కూలబడి ఏడ్చాడు. భార్యను ఇక్కడే ఏదో ఆసుపత్రిలో చేర్చాడట, ఆపరేషనట. పాత బాకీ ఇప్పుడు అడగొద్దని, ఇంకో ఇరవై బస్తాల ధనియాలు ఇప్పిస్తే అమ్ముకుని అంతా కలిపి కడతానని చేతులు పట్టుకున్నాడు. పూర్ణచంద్ర కళ్లు చెమర్చాయి. నావీ చెమర్చాయి, దాచడం దేనికి.

టీ తెచ్చిన సాయిపద్మ అంతా చూస్తూ నిలబడింది. అతను బండి పిలవడానికి వెళ్లగానే నోరు విప్పింది. "సరుకు పంపకు నాన్నా. అది నిజం ఏడుపు కాదు."

"పెళ్లాం ఆసుపత్రిలో ఉన్న మనిషిని పట్టుకుని అదేటి మాట?"

"నిజంగా ఏడ్సేవోడు ఏడుపు ఆపుకుందారని సూస్తాడు, ముఖం దాసుకుంటాడు. ఈయన రప్పించుకుందారని సూస్తన్నాడు. నువ్వు సూస్తన్నావో లేదో సూసుకుని మరీ కళ్లు తుడుసుకున్నాడు. మాకు మొదటేడు నేర్పింది ఇదే."

పూర్ణచంద్రకు కూతురి మీద కోపం వచ్చింది. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. హమాలీలు రాలేదని బండిని సాయంత్రం దాకా ఆపి, నన్ను హుమ్మ పంపాడు. మండే ఎండలో గంజాం దాటి, తండ్రినీ కూతుర్నీ కలిపి తిట్టుకుంటూ స్కూటర్ మీద వెళ్లాను. ఉప్పు మడుల తెల్లదనానికి కళ్లు పోయాయి. కొట్టుకు తాళం ఉంటుందనుకున్నాను. ఆసుపత్రిలో ఉండాల్సిన ఇల్లాలు గల్లా దగ్గర కూర్చుని, పూర్ణచంద్ర ధనియాలే కొన్న ధరకన్నా తక్కువకు తూస్తోంది.

"ఒంట్లో ఎలాగుందమ్మా?" అన్నాను.

"నాకేటి, దుక్కలాగున్నాను" అంది.

పక్క కొట్టాయన మిగతాది చెప్పాడు. వాళ్లు కొట్టు అమ్మేశారు. ఈ నెలాఖరుకు సూరత్ పోతున్నారు.

తిరిగొచ్చి చెబితే పూర్ణచంద్ర బండిని ఖాళీగా వెనక్కి పంపేశాడు. పాత బాకీ మాట ఎలా ఉన్నా ఇరవై బస్తాలు దక్కాయి. పిల్ల చదువు ఖర్చులో కొంతైనా చేతికొచ్చినట్టేనని నేను లెక్క కట్టాను. ఆయన బుర్ర వేరే వైపు పోయింది.

"అయితే పాపా," అన్నాడు మెల్లిగా, "దొంగేడుపు కనిపెట్టినోలికి దొంగేడుపు ఏడవడమూ వస్తాది గదా. మూడేళ్ల కింద ఈ గుమ్మంలో కూకుని ఏడ్సినావు. అది ఏ ఏడుపు?"

నాకు ఒళ్లు మండింది. కన్నకూతుర్ని కూడా బస్తాలాగే గుచ్చి చూస్తాడు మహానుభావుడు.

"అప్పటికి నాకు నటించడం రాదు నాన్నా" అంది సాయిపద్మ. "అది నేర్సుకోడానికే గదా ఏడ్సినాను."

చివరికొచ్చేసరికి గొంతు జీరపోయింది. ముఖం గోడవైపు తిప్పేసుకుని, ఖాళీ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లబోయింది.

పూర్ణచంద్ర ఆ తిప్పుకున్న ముఖం వైపే చూస్తూ ఉండిపోయాడు. తరువాత ఫోను తీసి, గది ఖాళీ లేదని మిరపకాయల వ్యాపారికి చెప్పాడు.

"అద్దె మాత్రం వదల్ను" అన్నాడు కూతురితో. "మొదటి నెలది రేపు కొట్టు తియ్యగానే నగదుగా తే. ఇంకెవుడి సెయ్యీ నాకొద్దు. బోణీ నువ్వే సెయ్యాల."