కొండ మీద అడిగిన మాట

మొన్న మనవరాలు బజారు నుంచి ప్లాస్టిక్ కవరులో సీతాఫలాలు తెచ్చింది. డబ్బు పోసి సీతాఫలం కొనడమేమిటని కసిరాను గాని, ఆ మాగిన వాసన గదంతా అలుముకునేసరికి నా నోరు మూతపడింది. మా రోజుల్లో సీతాఫలం కొండ ఇచ్చేది, అదీ కాళ్ళు కొట్టుకుపోయేలా ఎక్కినవాళ్ళకే.

మునగపాక దగ్గర చెరకు తోటల మధ్య మా ఊరు, ఊరికి పడమట ఒక చిన్న కొండ. దసరా వెళ్ళి, వానలు వెనకబట్టి, చెరకు మనిషి తల దాటి ఎదిగి, పొద్దున్నే గట్ల మీద గడ్డి మంచుకు తడిసి పాదాలకు అంటుకునే రోజుల్లో మా నాన్న పొలం పని ఒక్కరోజు ఆపి కొండకు పోయేవాడు. ఆ ఏడు నన్నూ రమ్మన్నాడు. నాకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. ఆ ముందు రోజే అమ్మ చంటి తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని నాన్నతో అంటుంటే తలుపు చాటు నుంచి విన్నాను.

"సెరుకు గానుగ మొదలెడితే ఈడ్నెవులు సూత్తారు? గుంటని బడి మానిపించెయ్యి."

నాన్న ఏమన్నాడో వినబడలేదు. అడగాలంటే కొండ మీదే అడగాలనుకున్నాను. మా వైపు ఒక కట్టడి ఉండేది. కొండ మీద పండు కొండమ్మది, మొదటి పండు రాతి మీద ఆవిడకు విడిచిపెట్టాలి, కిందికి దిగేదాకా నోట అబద్ధం రాకూడదు. గట్టు తగాదాలు కూడా పెద్దలు కొండెక్కించి తేల్చేవారు.

మూటలో చద్దన్నం, ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప. నాన్న ముందు నడుస్తూ ముళ్ళకంపను కర్రతో తోసి పట్టుకుంటే నేను ఆ సందున దూరేదాన్ని. పైకెళ్ళాక చూస్తే బెల్లం పాకలు, వాటి పక్కన మా బడి ఎర్ర పెంకులు. "కళ్ళు విచ్చిన కాయే కొయ్యి. మూసుకున్నది కోత్తే మాగదు, నల్లబడి సత్తాది," అని నాన్న ఒకటే హెచ్చరిక.

రెండు బండల సందులో ఒక చెట్టు నిండుగా కాసింది. నాన్న భుజాలు పట్టవు గనక నేను దూరాను. వచ్చేటప్పుడు నడుమ ఇరుక్కుపోయాను. ముందుకూ రాను, వెనక్కూ పోను. వీపుకు ఎండబండ మంట, రొమ్ముకు నీడబండ చల్లదనం.

"ఊపిరొగ్గేసి అడ్డంగా తిరగవే, కంగారు పడకు," అన్నాడు నాన్న చెయ్యి చాచి.

"నానా, నన్ను బడి మానిపిత్తావా?"

చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఏటే, ఇప్పుడా అడగడం?"

"సెప్తేగాని రాను."

"రాకపోతే అక్కడే ఉండు. కొండముచ్చుల్లో సంబంధం సూత్తాను."

ఇద్దరమూ నవ్వలేదు. ఆయన బండకు ఎదురుగా గొంతుక్కూర్చుని, చుట్ట తీసి, వెలిగించకుండానే మళ్ళీ తలపాగాలో దోపుకున్నాడు. మానిపించను అంటే చాలు, ఆ క్షణమే బయటికి వచ్చేసేదాన్ని. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"మానిపిత్తానమ్మా," అన్నాడు చివరికి. "గానుగెక్కిన రోజు నుంచి."

అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి దానంతటదే పోయింది. ఒళ్ళు జారి, చర్మం గీరుకుని బయట పడ్డాను. నాన్న ఏదో ఆకు నలిపి దెబ్బకు రాశాడు. ఆ తరువాత నేను కోసినవన్నీ కళ్ళు మూసుకున్న కాయలేనని ఇంటికొచ్చాక అమ్మ తిట్టింది. గానుగ ఎక్కింది. నేను ఉయ్యాల దగ్గర కూర్చున్నాను.

నాన్న ముసలివాడయ్యాక, వచ్చిన చుట్టాలతో నా గురించి, "దానికి సదువంటే ఇట్టం నేదు, అదే మానేసింది," అనడం మొదలెట్టాడు. మరిచిపోయి అన్నాడో, మరిచిపోలేక అన్నాడో. కొండెక్కించి అడుగుదామంటే అప్పటికి కొండే లేదు. క్వారీ లారీలు రోజుకింత మోసుకుపోయాయి. ఇప్పుడక్కడ నీళ్ళు నిలిచిన గొయ్యి, చుట్టూ తీగ కంచె. నాన్నా లేడు.

నిన్న మనవరాలు నా పేరున ఏదో కాగితం నింపుతూ, "మామ్మా, నాలుగుతోనే ఎందుకాపేసేవు?" అని అడిగింది.

"ఇట్టం నేకే," అన్నాను.