నా కన్ను తీయనివ్వని అక్క

పోయిన మంగళవారం విరుదునగర్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి కంటి ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరైన అక్క చనిపోయిందని ఆమె తమ్ముడు చెప్పాడు. ఆమె నాకు చుట్టం కాదు. కానీ ఈ నాలుగు ముక్కలు రెండు కళ్లతో చూస్తూ రాస్తున్నానంటే అది ఆమె మొండితనం వల్లే.

తొంభైల చివర్లో, తమిళనాడులో విళాత్తికుళం దగ్గర మా చేలో మిరపకాయలు కోస్తుంటే కొమ్మ కంట్లో కొట్టుకుంది. పక్కన గుంటలో నిలిచిన వాననీళ్లతో కడుక్కున్నాను. వారం తిరక్కుండా కన్ను ఎర్రబడింది. కోవిల్‌పట్టిలో ఒక డాక్టర్ వైరస్ అన్నాడు. ఆయన రాసిన చుక్కలు నెలన్నర వేసుకున్నా. తల గోడకేసి బాదుకోవాలనిపించేంత నొప్పి. నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం కట్టింది. ఇక కన్ను తీసేయడమే మేలన్నాడాయన.

మా ఆయన విరుదునగర్ తీసుకెళ్లాడు. అక్కడ కంటి పైపొర కాస్త గీకి ల్యాబుకు పంపారు. నేను బెంచీ మీద తెలుగులో మూలుగుతుంటే ల్యాబులోంచి ఒక పొట్టి మనిషి బయటికొచ్చింది.

"మనోళ్లేనా? కన్ను ఏ నీళ్లతో కడిగినావు?"

"గుంటనీళ్లక్కా."

అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది.

ఆ ఆసుపత్రి డాక్టర్ స్లైడు చూసి చీముకణాలన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "సార్, వీటికి రెండు గోడలున్నాయి. చీముకణాలకి ఉండవు. మళ్లీ చూడండి" అంది తమిళంలో.

"డాక్టర్ నువ్వా, నేనా?"

"డాక్టర్ మీరే సార్. కానీ చూసింది నేను."

ఆయన వద్దన్నా, మిగిలిన కాస్త నమూనాని బాక్టీరియా పూసిన పళ్లెంలో పెంచింది. మూడోరోజు ఆ బాక్టీరియాని తింటూ పాకిన జాడలు కనిపించాయి. నన్ను పిలిచి చూపించింది.

"నీ కంట్లో ఉండేది ఇదే. అమీబా. మట్టిలో, నీళ్లలో ఉంటాది."

ఆ జాడలు చూశాక డాక్టర్ ఆ పూటే మందు మార్చాడు. ఈతకొలనుల నీళ్లు శుభ్రం చేసే మందుని బాగా పలుచన చేసిన చుక్కలవి. మొదట్లో గంటకోసారి, తర్వాత నెలల తరబడి. ఒకరోజు ఆసుపత్రిలోనే విసిగి, కన్ను పోతే పోనీ అన్నాను.

"నువ్వు ఒదిలినా నేను ఒదల్ను. తల పైకెత్తు" అని తనే వేసింది.

ఎనిమిది నెలలకు తగ్గింది. మచ్చ మిగిలింది, మసక మిగిలింది. చూపూ మిగిలింది.

కొన్నేళ్లకు కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కూలి ఒకామె ఆ ల్యాబుకే వచ్చింది. ఆమెనీ ముందు చూసింది నన్ను చూసిన కోవిల్‌పట్టి డాక్టరే, రాసింది ఆ వైరస్ చుక్కలే. అప్పటికే ఆలస్యమైంది. కన్ను దక్కలేదు. ఆ రోజు అక్క అన్నం ముట్టలేదట. వారం తిరిగేసరికి నాకు కబురంపింది: "కోవిల్‌పట్టి పోతుండా. నువ్వూ రా."

బస్సులో మైక్రోస్కోపు పెట్టె ఒళ్లోనే పెట్టుకుంది. కండక్టర్ పైన పెట్టమన్నా వినలేదు.

డాక్టర్ నన్ను గుర్తుపట్టాడు. నా కన్ను చూసి, "తీయించుకోలేదా?" అన్నాడు. అక్క రోగుల వరసని పట్టించుకోకుండా ఆయన మందుల చీటీలు పక్కకి జరిపి, బల్ల మీద మైక్రోస్కోపు నిలిపి, ఆ కూలామె కంటి నమూనా పెంచిన పళ్లెం అమర్చింది.

"ఒక్కసారి చూడండి సార్. ఇది వైరస్ కాదు, అమీబా, దీనికి మందుంది. చూశాక నన్ను బయటికి పొమ్మనండి."

ఆయన వంగాడు. మర తిప్పి మళ్లీ చూశాడు. ఆ తర్వాత నెమ్మదిగా, "ఆ మందు ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

అక్క కూర్చోలేదు. చేతులు కట్టుకుని ఆయన పక్కనే నిలబడి, మందు పేరు ఒక్కొక్క అక్షరమే చెప్పింది. ఆయన రాసుకున్నాడు.