పై మట్టి

పార బాబాయికి ఆ పేరు ఊరికే రాలేదు. చర్చికి వచ్చినా పారను గుమ్మానికి ఆనించి, ప్రార్థన మధ్యలో తొంగి చూసుకునేవాడు. సమాధులు తవ్వడం ఆయన పని. నల్లని పై మట్టిని ఒక పక్కకి, అడుగున వచ్చే పసుపు బంకమట్టిని ఇంకో పక్కకి పోసేవాడు. పూడ్చేటప్పుడు బంక ముందు, నల్లమట్టి చివర. "దేవుడు మనిషిని చేసింది పై మట్టితోనే. కప్పాల్సిందీ దాంతోనే" అని ఆయన సిద్ధాంతం. బైబిల్లో అలా ఎక్కడుందని పాస్టర్ గారు అడిగితే, "ఉండే ఉంటుంది, సరిగ్గా చూడండి" అనేవాడు. మొండిఘటం.

అలాంటి మనిషి, భార్య పోయిన రోజు ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వనని పంతం పట్టి తానే తవ్వాడు. పూడ్చేటప్పుడు కన్నీళ్లకి ఏమీ కనబడక నల్లమట్టినే ముందు తోసేశాడు, బంక పైకొచ్చింది. వానలొచ్చి వెళ్లాయి. చుట్టూ సమాధులన్నీ పచ్చబడ్డాయి. ఆమెది మాత్రం బోడిగా పగుళ్లిచ్చి ఉండిపోయింది.

"నేల అక్కని ఇంకా ఒప్పుకోలేదు బావా" అంది మరదలు. ఆ నోటికి తాళం లేదు.

అప్పటినుంచి బాబాయికి కూర్చుంటే నిలబడాలని, నిలబడితే నడవాలని. కంచం ముందునుంచి లేచి సమాధి దగ్గరికి పోయేవాడు. గడ్డి గింజలు చల్లాడు, మొలవలేదు. మళ్లీ తవ్వి సరిగ్గా పూడ్చడానికి చేతులు రాలేదు. పడుకున్న మనిషిని లేపినట్టవుతుందని భయం.

"ఆవిడ దేవుడి దగ్గరుంది బాబాయ్. ఇక్కడున్నది మట్టే కదా, ఎందుకీ ఆరాటం?" అన్నారు పాస్టర్ గారు.

"మట్టేనండీ. అందుకే నిద్ర పట్టట్లేదు."

ఒక ఉదయం పాస్టర్ గారు వచ్చేసరికి, బాబాయి పక్కనున్న ఖాళీ జాగాలో పై మట్టి చెక్కి, తట్టతో మోసి భార్య మీద పరుస్తున్నాడు. ఆ జాగా తనకోసం అట్టిపెట్టుకున్నది. ఇప్పుడక్కడ పసుపు బంక తేలింది.

"మరి మీ మీద ఏం మొలుస్తుంది?"

బాబాయి తట్ట దించాడు. చాలా రోజులకి నవ్వొచ్చింది, వెంటే ఏడుపూ వచ్చింది.

"మట్టికాళ్లతో ఇంట్లోకొస్తే తిట్టి, తనే నీళ్లు పోసి కడిగేదండీ. సమాధుల్లోంచి అందరూ లేచే రోజున నేను ఒళ్లంతా బంకతో లేస్తాను. తిట్టడానికైనా నా దగ్గరికి వస్తుంది కదా."