శనివారం పోసిన మట్టి

ఆళ్ళగడ్డ దగ్గర యూదులకు ఒక సమాజమందిరం కట్టిపెట్టమని సారు అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆయన ముందు నవ్వలేదు. నంద్యాలకు తిరిగొచ్చే బస్సులో నవ్వుకున్నాను. తర్వాత జరిగినదానికంతా ఆ నవ్వే మూలమని ఇప్పుడు అనిపిస్తుంది.

సారు నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పినాయన. మా నాయన ఆళ్ళగడ్డలో పాస్టరు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా సారు, ఆయనతోపాటు ఐదారు కుటుంబాలు మా చర్చి నుంచి వెళ్ళిపోయారు. విశ్రాంతి దినం ఆదివారం కాదు, శనివారమే అన్నారు. కొన్నేళ్ళకు, తాము క్రైస్తవులమే కాదు, యూదులమన్నారు. హీబ్రూ అక్షరాలు నేర్చుకున్నారు, పిల్లలకు నేర్పారు. ఇంట్లో ఎవరైనా వాళ్ళ మాట ఎత్తితే మా నాయన కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆయన కోపం నాకు రాలేదు గానీ, వాళ్ళు చేసేది ఏదో ఆటలాంటిదన్న భావం మాత్రం నాలో ఉండిపోయింది. నేను సివిల్ డిప్లొమా చదివి, నంద్యాలలో ఇళ్ళు కట్టిస్తూ నడివయసుకు వచ్చినా ఆ భావం పోలేదు.

ఈలోగా వాళ్ళు పెరిగారు. మిడుతూరు వైపు నుంచి, నంద్యాల నుంచి కూడా కుటుంబాలు వచ్చి కలిశాయి. శనివారం బండి ఎక్కరు కాబట్టి దూరంవాళ్ళు శుక్రవారం మధ్యాహ్నమే పిల్లలతో, చాపలతో వచ్చి అక్కడే పడుకునేవాళ్ళు. ఉన్నది ఒక రేకుల షెడ్డు. ఎండాకాలం అందులో కూర్చున్నవాళ్ళు ప్రార్థన మధ్యలోనే లేచి బయటికి వచ్చేవాళ్ళట.

"ఏసీలు పెట్టి కట్టిస్తా సార్, చల్లగా ఉంటాది," అన్నాను.

"ఏసీ ఏం జేసుకోను అప్పా? శనివారం మేం స్విచ్చి ఎయ్యం, ఆపం. శుక్రవారమే స్విచ్చి ఏసి పెడితే మద్దెలో కరెంటు పోతాది. స్విచ్చితో పన్లేకుండా చల్లగుండేది కట్టియ్యి. మా అవ్వది మట్టి మిద్దె ఉండె. మే నెల్లో కూడా కంబళి కప్పుకుంటాంటిమి."

ఆ మాటతో నాలో పనివాడు మేలుకున్నాడు. నవ్వు సంగతి మర్చిపోయాను. వాళ్ళు జెరూసలేం వైపు తిరిగి ప్రార్థిస్తారు, అంటే మనకు పడమర. సాయంత్రపు ఎండంతా ఆ గోడకే తగులుతుంది. అందుకని పడమటి గోడను రెండడుగుల మందం రాతికట్టుగా గీశాను. కొలిమిగుండ్ల వైపు నుంచి రాయి, మట్టి అడుసుతో గోడలు, ఆళ్ళగడ్డలో పడగొట్టిన ఒక పాత ఇంటి టేకు దూలాలు. దూలాల మీద పలచని నాపరాళ్ళు, వాటి మీద చౌడు మట్టి. చౌడంటే తెల్లగా ఉండే ఉప్పుమట్టి. తడిపి దిమ్మిస కొడితే బిగుసుకుపోయి, వాన నీటిని కిందికి దిగనివ్వదు. మిద్దె మీద నీళ్ళు రాతి తొట్టిలోకి దిగి, లోపలికి వెళ్ళేవాళ్ళు చేతులు కడుక్కోవడానికి పనికొచ్చేలా చేశాను. గీసిన కాగితాలు సారు వేలు పెట్టి గీత గీతా చూశాడు. తర్వాత ఒకటే అన్నాడు.

"ఒక్క మాట. శుక్రవారం పొద్దుగూకితే మల్ల శనివారం చుక్కలు పొడిచేదాంకా ఆడ పార పట్టగూడదు. మావోళ్ళే కాదు, మీవోళ్ళు గూడా. అట్ల కట్టిన గుడిలో మేం ప్రార్థన జెయ్యలేం."

"సరే సార్," అన్నాను.

మా మేస్త్రీకి ఈ షరతు నచ్చలేదు. వాళ్ళ శనివారం, మన ఆదివారం, వారానికి రెండు రోజులు సెలవా అని గొణిగాడు. అయినా పని సాగింది. కూలీల్లో వాళ్ళ మనిషి ఒకామె ఉండేది. ముప్పై అయిదేళ్ళుంటాయి, భర్త లేడు, తల్లితో కాలనీలో ఉండేది. కొత్తగా ఆ సంఘంలో చేరింది. మట్టి గంప ఎత్తుకునే ముందు గోడమీద ఒకసారి చెయ్యి పెట్టేది. "మా గుడికి నేనే మట్టి మోస్తాండా," అని తోటివాళ్ళతో గొప్పగా చెప్పుకునేది. ఆ మాట నేను చాలాసార్లు విన్నాను.

గోడలు లేచాయి, దూలాలు ఎక్కాయి, నాపరాళ్ళు పరిచాం. చౌడు సగం వరకు పోశాం. ఆరోజు శుక్రవారం. వానాకాలం మొదలైంది కాబట్టి మిగిలిన సగానికి టార్పాలిన్ పట్టలు కప్పించి రావాలి. పట్టలు నంద్యాలలో ఇంకో ఇంటి పని దగ్గర ఉన్నాయి. మధ్యాహ్నం తెప్పించాలనుకున్నాను. వాటికోసం పోతే ఆ ఇంటాయన భోజనానికి కూర్చోబెట్టాడు, మాటల్లో పడ్డాను, పొద్దుగూకింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఏం కాదులే అనుకున్నాను.

శనివారం తెల్లవారి లేచేసరికి నల్లమల మీద మబ్బు నల్లగా దిగి ఉంది. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు దిగితే మట్టి అడుసు కరిగి గోడలు ఉబ్బుతాయి. నా కంటికి ఆ పడమటి గోడ కూలినట్టే కనిపించింది. మేస్త్రీకి ఫోన్ చేశాను. మనుషుల్ని పోగుచేసి ఆళ్ళగడ్డకు రమ్మన్నాను. పట్టలు తీసుకుపోదామా అని ఒక్కసారి అనిపించింది. ఎటూ పోతున్నాం కదా, పనే ముగించేద్దాం అనుకున్నాను. వాళ్ళంతా రెండు మైళ్ళ దూరంలో షెడ్డులో ప్రార్థనలో ఉంటారు, సాయంత్రం దాకా అటు రారు. ఆ లెక్క కూడా వేసుకున్నాను.

నలుగురే దొరికారు. పని మొదలుపెట్టబోతుంటే ఆ కూలామె ఉతికిన చీర కట్టుకొని, తలమీద కొంగు వేసుకొని షెడ్డు వైపు నడిచిపోతోంది. మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"ఏందన్నా ఇది? ఈ పొద్దు శనివారం గదా!"

"వాన కొడితే మీ గుడే పోతాదమ్మా. మనుషులు తక్కువుండారు. నువ్వూ ఒక చెయ్యి ఎయ్యి."

"అమ్మో, నేను జెయ్యగూడదన్నా. సారు..."

"సారుతో మాట్లాడినాలే. సరే అన్న్యాడు."

అంత తేలిగ్గా ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. పాస్టరు కొడుకును, సారు దగ్గర చదువుకున్నవాణ్ణి, ఇంజనీరును. నమ్మింది. కొంగు నడుముకు చుట్టి గంప ఎత్తుకుంది.

మధ్యాహ్నం అన్నాలప్పుడు అందరినీ కూర్చోబెట్టి, ఈ పని సంగతి బయట ఎవరికీ చెప్పొద్దన్నాను. మేస్త్రీ తలూపాడు. ఆమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నేను ముఖం తిప్పుకున్నాను. సాయంత్రం దాకా ఆమె మట్టి మోసింది. గోడమీద చెయ్యి పెట్టలేదు.

ఆరోజు వాన పడలేదు. మబ్బు శ్రీశైలం వైపు వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున సారు వచ్చాడు. నిచ్చెనెక్కి మిద్దెమీద చౌడు చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. "శుక్రవారమే అయిపోయెనా అప్పా?" అన్నాడు.

"అయిపోయె సార్," అన్నాను.

"నువ్వు మాట నిలబెట్టుకున్న్యావు. మీ నాయన కొడుకు అనిపిచ్చుకున్న్యావు," అని నా భుజం తట్టాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ అక్కడే ఉన్నట్టుంటుంది. మా నాయన ఆదివారం నాడు మమ్మల్ని సైకిలు కూడా తొక్కనిచ్చేవాడు కాదు. మా చర్చి కప్పు అయ్యుంటే, ఆరోజు ఆదివారం అయ్యుంటే, ఎంత మబ్బు పట్టినా నేను పార పట్టించేవాణ్ణా? లేదు. పట్టలు మోసుకెళ్ళి కప్పేవాణ్ణి, లేకపోతే మోకరించేవాణ్ణి. వాళ్ళ శనివారం నాకు మా ఆదివారమంత నిజం కాలేదు. అదీ సంగతి.

ఆ వారం నుంచి ఆమె పనిలోకి రాలేదు. పత్తి చేలల్లో కలుపుకు పోతోందని మేస్త్రీ చెప్పాడు. నేలరాళ్ళు పరిచాం, వాళ్ళ ధర్మశాస్త్రం, తోరా చుట్ట పెట్టే గూడుకు తలుపులు బిగించాం. మందిరం తెరవడానికి రోజు పెట్టుకున్నారు. అప్పుడే సారు ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"మీకాడ మట్టి మోసిన ఆ పాప నెల దాటె ప్రార్థనకు రాక. ఇంటికి పోతే తలకాయ నొప్పంటాది. మీ పనిలో ఎవరన్నా ఏమన్నా అన్న్యారా?"

"లేదు సార్," అన్నాను.

నంద్యాల చేరేలోపే బస్సు దిగిపోయాను. రోడ్డు దాటి, ఆళ్ళగడ్డకు పోయే ఇంకో బస్సెక్కాను. నేరుగా కాలనీకి వెళ్ళాను. ఆమె గడపలో కూర్చొని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

"తప్పు జేసినానమ్మా," అన్నాను.

"నువ్వు జెప్పినావు, నేను నమ్మినా. నమ్మినందుకు నాకేం బాధలేదన్నా." చేట కింద పెట్టింది. "అన్నం కాడ నువ్వు చెప్పొద్దంటివే, అప్పుడు తెల్సిపాయ. తెల్సినాక గూడా పొద్దుగూకేదాంకా మోసినా. రేపట్నుంచి కూలికి రావద్దంటావేమో అని బయపడినా. ఇంగ ఏ మొగం పెట్టుకోని ఆడికి పోయేది?"

నేను దాచిన తప్పును ఆమె తనదనుకొని నెల రోజులు మోసింది. సారుకు చెప్తానని చెప్పి బయటికి వచ్చాను. ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

అటునుంచే సారు ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"వాన పడితే ఏమైతాది?" అన్నాడు చివరికి.

"గోడలు ఉబ్బుతాయి సార్."

"ఉబ్బితే మల్ల కట్టుకుంటాంటిమి గదప్పా. నువ్వు కట్టియ్యకపోయినా మేం కట్టుకుంటాంటిమి. దానికి ఆ పాపను అడ్డం పెడితివే." కళ్ళజోడు పెట్టుకొని, "ఆమె గురించి నేను జెప్తా. నీ గురించి నువ్వే జెప్పుకోవాల," అన్నాడు.

ఆ శనివారం రేకుల షెడ్డులో అందరి ముందూ నిలబడ్డాను. ముందు సారు ఆమె పేరు తలచి, ఆమెను మోసం చేశారని, ఆమె మీద ఏ దోషమూ లేదని చెప్పాడు. తర్వాత నేను చెప్పాను. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో గట్టిగా నిట్టూర్చడం వినిపించింది. ఒక ముసలాయన లేచి, "శనివారం పోసింది తీసేద్దాం. మనమే తీద్దాం, మనమే మల్ల పోసుకుందాం," అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

సిమెంటు కప్పయితే పగలగొట్టాల్సి వచ్చేది. మట్టి కాబట్టి పారలతో తీసి కిందికి దించారు. సోమవారం మొదలుపెట్టారు. మిడుతూరువాళ్ళు కూడా వచ్చారు. నన్నెవరూ రమ్మనలేదు. పట్టలన్నీ వేసుకొని ఆటోలో వెళ్ళి, కింద గంపలు నింపే చోట నిలబడ్డాను. ఒకాయన నాకొక పార అందించాడు. రెండోరోజు ఆమె వచ్చింది. నేను నింపిన గంప ఎత్తుకోలేదు, పక్కన ఇంకొకరు నింపింది ఎత్తుకుంది. మిద్దెమీద కొత్తగా పోసిన చౌడు మొదటి గంప ఆమెదేనని తర్వాత మేస్త్రీ చెప్పాడు.

మందిరం తెరిచిన రోజు నన్ను కూడా పిలిచారు. ఎండ మండిపోతోంది. లోపల అంతమంది కూర్చున్నా చల్లగా ఉంది, ఒక్క ఫ్యాను లేదు. పిల్లలు చాపలమీద నిద్రపోయారు. నా పని గురించి చాలామంది మంచిగా మాట్లాడారు. ఆ మాటలు వింటుంటే తల ఎత్తలేకపోయాను.

ఈమధ్య అదే ఆవరణలో పిల్లల చదువుకు ఒక గది కట్టమని సారు మళ్ళీ నన్నే పిలిచాడు. వేరేవాళ్ళను చూసుకోండి సార్ అన్నాను. "నువ్వే కట్టాల," అన్నాడు. ఒక షరతు పెట్టాడు. శుక్రవారం సాయంత్రం పనిముట్లన్నీ ఆవరణలోని సామాన్ల షెడ్డులో పెట్టి, తాళం వేసి, తాళంచెవి ఆమె చేతికిచ్చి వెళ్ళాలి. సోమవారం పొద్దున ఆమె దగ్గర తీసుకోవాలి.

ప్రతి శుక్రవారం పొద్దుగూకకముందే ఆమె వచ్చి గేటు దగ్గర నిలబడుతుంది. నేను తాళం వేసి, లాగి చూసి, చెవి ఇస్తాను. తీసుకొని కొంగుకు ముడివేసుకుంటుంది. "పోయొస్తానమ్మా," అంటాను. ఆమె ఊఁ కొట్టి వెళ్ళిపోతుంది. పోయిన వారం మాత్రం, "వాన వచ్చేట్టుండాది, పట్టలు కప్పినారా అన్నా?" అని అడిగింది. కప్పామని చెప్పాను. ఆమె నా మాట మీద ఆగకుండా గది చుట్టూ తిరిగి, పట్టల మీద రాళ్ళు పెట్టారో లేదో చూసుకొని వెళ్ళింది.